ప్రతిపాదనలు పంపించాం

మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి, పత్తి తర్వాత జోరుగా ఎగుమతయ్యే సరుకు ఇంకొకటుంది. దాని పేరు ప్రతిపాదన. మిర్చి చైనా దాకా పోయి డబ్బు తెస్తుంది. ప్రతిపాదన సచివాలయం దాకా పోయి ఏమీ తేదు, అసలు తిరిగే రాదు. అయినా పంపడం ఆగదు. మిర్చి యార్డులో టిక్కీ బస్తా కోసి మచ్చు చూసి, తాలు కాయ పక్కకు తీయించి, తేజ రకానికో ధర, తాలుకో ధర కట్టే మనుషులమే మనం. జిల్లా పరిషత్తు సర్వసభ్య సమావేశంలో కూర్చున్నాక మాత్రం ఏ శాఖ ఏ సరుకు తెచ్చి కుమ్మరించినా మచ్చు అడగం. బల్లలు చరిచి కాటా వేసేస్తాం.

ఆ సమావేశం ఎప్పుడూ చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. ముందు సంతాపం. తర్వాత గత సమావేశపు మినిట్స్‌కు ఆమోదం. అప్పుడు ఏమడిగామో ఎవరికీ గుర్తుండదు కనక దానికి ఏ అడ్డూ ఉండదు. ఆపైన ప్రోటోకాల్. శిలాఫలకం మీద నా పేరు కింది వరసలో చెక్కించారని ఒకరు లేస్తారు, నా పేరు అసలే లేదని ఇంకొకరు లేస్తారు. కుళాయిలో నీళ్లు రాకపోతే జనం ఓర్చుకుంటారు, పలక మీద పేరు రాకపోతే నాయకుడెలా ఓర్చుకుంటాడు? ఆ గొడవ చల్లారేసరికి భోజనాల వేళ అవుతుంది. తాగునీరు, రోడ్లు, ఆసుపత్రులు భోజనాల తర్వాత. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ, మిగతా సగం కునుకు.

అధికారి దగ్గర ఉండేవి మూడే జవాబులు. ప్రతిపాదనలు పంపించాం. నిధులు రావాల్సి ఉంది. అది మా పరిధిలోకి రాదు.

మూడోది బ్రహ్మాస్త్రం. దానికి పదును పెట్టింది జిల్లాల విభజన. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా మూడు ముక్కలైంది. ప్రకాశం నుంచి కొంత బాపట్లకూ కొంత నెల్లూరుకూ పోయింది. పరిషత్తులు మాత్రం పాత హద్దుల్లోనే ఉండిపోయాయి. గుంటూరు జడ్పీ కింద 57 మండలాలు, ముగ్గురు కలెక్టర్ల ఏలుబడి. చీరాల మండలంవాళ్లకు కలెక్టరేమో బాపట్లలో, జిల్లా పరిషత్తేమో ఒంగోలులో. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు గానీ, మజ్జిగ సంగతి తర్వాత, కుండ ఎవరింట్లో ఉందో ముందు తేలాలి.

ఇక పట్టణం సంగతి ఎత్తితే, జడ్పీ పల్లెలదండీ, టౌను మునిసిపాలిటీదండీ అంటారు. నిజమే. కానీ పల్లె మురుగు టౌను కాలవలోకి, టౌను చెత్త పల్లె పొలిమేరలోకి పోవడానికి ఏ చట్టమూ అడ్డు రాలేదు. ఊరూ పట్నమూ ఒక్కచోట కూర్చుని జిల్లాకంతటికీ ప్రణాళిక వేసుకోవాలని 74వ రాజ్యాంగ సవరణ 1992లోనే చెప్పింది. జిల్లా ప్రణాళికా కమిటీ అని దానికి పేరు. రాష్ట్రంలో అందుకు 2005లో చట్టం కూడా చేశారు. ఆ కమిటీ మీ జిల్లాలో ఏం ప్రణాళిక వేసిందో మీ జడ్పీటీసీని అడిగి చూడండి. కనీసం ఆయనకైనా ఒక కొత్త విషయం చెప్పిన పుణ్యం దక్కుతుంది.

నగరానికి కౌన్సిల్ ఉంటే గొడవలే తప్ప పనులు జరగవని విసుక్కునే పెద్దమనుషులు కొందరున్నారు. వారి ముచ్చట గుంటూరు నిండుగా తీర్చింది. 2010లో నగర కార్పొరేషన్ పాలకవర్గం గడువు ముగిసింది. 2012లో నల్లపాడు, గోరంట్ల, ఏటుకూరు, బుడంపాడు, పొత్తూరు వగైరా పది పంచాయతీలను నగరంలో కలిపేశారు. మళ్లీ ఓటు వేయించింది 2021 మార్చిలో. పదేళ్లకు పైగా ప్రత్యేకాధికారుల పాలన. పోడియం ముట్టడి లేదు, వాకౌట్లు లేవు, భోజనాల ఖర్చు కూడా మిగిలింది. విలీనమైన పల్లెకు పంచాయతీ బోర్డు పోయింది, సర్పంచి పోయాడు, కార్పొరేటరు రాలేదు. కార్పొరేషన్ బోర్డు మాత్రం వెంటనే వచ్చింది. బోర్డు మార్చడానికి ప్రతిపాదనలు పంపనక్కర్లేదు కాబోలు.

ఆ నిశ్శబ్దంలోనే 2018 మార్చి వచ్చింది. ఆనందపేటలోనూ పాతగుంటూరు చుట్టుపక్కల పేటల్లోనూ మంచినీళ్ల గొట్టంలో మురుగు కలిసింది. అతిసారంతో కనీసం పదిమంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. మా వీధి కుళాయిలో వాసన వస్తోందని సభలో నిలబడి అరవడానికి అప్పుడు ఆ వార్డుకు కార్పొరేటరు లేడు. అరిచినా ప్రతిపాదనలు పంపించామనే జవాబే వచ్చేదేమో. కాదనను. కానీ అరిచినట్టు మినిట్స్‌లో ఒక ముక్కయినా ఉండేది. ఆ ముక్క పట్టుకుని ఎవరినో ఒకరిని నిలదీసే వీలుండేది.

మురుగు వేరుగా, మంచినీళ్లు వేరుగా పారించే భూగర్భ డ్రైనేజీ పథకం అప్పటికే నడుస్తోంది. 900 కోట్ల పైచిలుకు ఖర్చు, అందులో 540 కోట్లు కేంద్రానివి. ఊరంతా తవ్వారు. 2019 తర్వాత పని ఆగింది. తవ్వడం మన చేతిలో పని కాబట్టి తవ్వేశాం. పూడ్చడం మటుకు నిధులు రావాల్సిన పని.

ఒంగోలు కథ ఇంకా రంజుగా ఉంటుంది. సాగర్ కుడికాలవ నుంచి వచ్చే నీళ్లతో చెరువులు నింపుకుని, కుళాయి తిప్పిన రోజే పండగ అనుకుంటూ ఒంగోలు బతుకుతోంది. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టును 2008లో ప్రారంభించినప్పుడు పొలాలకు సాగునీటితో పాటు ఒంగోలు పట్టణానికీ 43 గ్రామాలకూ తాగునీరు కూడా లెక్కలో రాసుకున్నారు. 2022 ఆగస్టులో ప్రాజెక్టు గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మరో గేటు కొట్టుకుపోయింది. నీళ్లు తిన్నగా సముద్రంలోకి వెళ్లాయి. ప్రతిపాదన లేకుండా, టెండరు పిలవకుండా, ఎవరి సంతకమూ అడగకుండా మన జిల్లాలో సకాలంలో జరిగిన నీటి సరఫరా అదొక్కటే.

ఉమ్మడి ప్రకాశం పడమటి వైపును చిన్నబుచ్చకూడదు కనక ఒక మాట. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేసిన ముఖ్యమంత్రి ఒకరు, 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసిన ముఖ్యమంత్రి ఇంకొకరు. జాతికి అందింది సరే, మార్కాపురం ట్యాంకర్లు ఆగలేదు.

ఇన్ని ఆగిపోయే చోట ఆగకుండా జరిగే పని కూడా ఒకటుంది. అది కండువాలు మార్చడం. 2024 ఎన్నికల్లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆ ఆగస్టులోనే ఒంగోలు మేయరు పార్టీ మారారు, కార్పొరేటర్లూ వెంట నడిచారు. గుంటూరుకు 2025 ఏప్రిల్‌లో కొత్త మేయరు వచ్చారు. ఇంత చురుకైన పాలకవర్గాలను పట్టుకుని పనిచేయరనడం అన్యాయం. పైపులైను మార్చాలంటే అంచనాలు, అనుమతులు, ర్యాటిఫికేషన్లు కావాలి. కండువాకు మెడ ఒక్కటుంటే చాలు.

మంగళగిరి, తాడేపల్లి మునిసిపాలిటీలను కలిపి 2021లో కార్పొరేషన్ చేశారు. ఏళ్లు గడిచినా అక్కడ ఎన్నికలే పెట్టలేదు. కాబట్టి ఆ కౌన్సిల్లో పార్టీ ఫిరాయించారనే మాట రాలేదు. రాజధాని పక్క ఊరు కదా, ఆ మాత్రం ఆదర్శం ఉండాలి.

బోర్డు మార్చి పన్ను పెంచడం ఈ గడ్డకు కొత్తేమీ కాదు. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల పేరాలను తెల్లదొరలు మునిసిపాలిటీ చేశారు. ఏటా 4,000 రూపాయలున్న పన్ను 40,000 అయింది. మా ఊరు ఊరుగానే ఉండనివ్వండి, మీ మునిసిపాలిటీ మాకొద్దన్నారు జనం. దొర వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలమంది ఇళ్లకు తాళాలు వేసి, పొలిమేర దాటి, రామనగరమని పాకలు వేసుకుని పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. పన్ను వేసుకోండి, ఖాళీ ఇళ్లకు వేసుకోండి అన్నారు.

ఈరోజు ఆ పని చేద్దామన్నా వీలుపడదు. ఊరి పొలిమేర దాటితే వచ్చే ఊరు కూడా అదే కార్పొరేషన్లో ఉంటుంది, లేదా రేపోమాపో కలుస్తుంది. ఇంకా మొండికేసి పోదామనుకునేవారు ఇంటిపన్ను, నీటిపన్ను పాత బాకీలు వడ్డీతో కట్టి రసీదు చూపించి మరీ వెళ్లాలి. నీళ్లు రాని నెలలకు మినహాయింపు ఉందా అని అడిగితే, అది మా పరిధిలోకి రాదు.