పోర్టు నంబర్లు అప్పజెప్పు, సర్వర్ అప్పగిస్తాం

సర్వర్లను కాపాడే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కి ఏమేం వచ్చి ఉండాలో తేల్చడం కష్టమని అనుకుంటున్నారా? ఆ బెంగ అక్కర్లేదు, పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. లైనక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ వారి తొలి మెట్టు ఎల్‌పిక్-1 సిలబస్ తిరగేయండి. రెండు పేపర్లు, ఒక్కోదానిలో 60 ప్రశ్నలు, 90 నిమిషాలు. అందులో ప్రింటర్ల నిర్వహణకు వెయిటేజీ 2. తెర మీద కిటికీలు చూపించే ఎక్స్11 అమరికకు మరో 2. డేటా సెంటర్‌లో ర్యాకుల నిండా పేర్చిన సర్వర్లకు మానిటరే ఉండదు, ఇక ప్రింటర్ సంగతి చెప్పేదేముంది? అయినా వెయిటేజీ వెయిటేజీయే. బ్యాకప్‌కి మాత్రం ఈ మెట్టు మీద సొంత పీట లేదు. టార్ ఆదేశం వస్తే చాలు, మూట కట్టడం వచ్చినట్టే. ఆ మూట విప్పితే లోపల ఏమైనా ఉంటుందా అన్న సందేహం పైతరగతి వాళ్లది.

పోర్టు నంబర్ల దగ్గర మాత్రం రాజీ లేదు. 20, 21, 22, 23, 25, 53, 80, 110, 123 అంటూ 995 దాకా గడగడా అప్పజెప్పాలి. ఎక్కాలు చెప్పించిన పాతకాలపు పంతులుగారు చూస్తే మురిసిపోయేవారు. 23 అంటే టెల్‌నెట్. పాస్‌వర్డును దారి పొడవునా అందరికీ వినిపించే ప్రోటోకాల్ కాబట్టి సర్వర్‌లోకి దాని మీద లాగిన్ అవ్వొద్దని ఇప్పుడు అందరూ చెబుతారు. వాడకూడదు, నంబరు మాత్రం మరవకూడదు. పైగా ఈ పట్టికంతా లైనక్స్ యంత్రాల్లోనే సర్వీసెస్ అనే ఫైల్లో రాసి పెట్టి ఉంటుంది. యంత్రానికి గుర్తున్నదాన్ని మనిషికీ గుర్తుండేలా చేయడమే ఇక్కడ నైపుణ్యం.

ఇదంతా ఎవరో సరదాకి రాసింది కాదు సుమా, దీని వెనక శాస్త్రం ఉంది. జాబ్ టాస్క్ అనాలిసిస్ అంటారు. పని చేస్తున్నవాళ్లనే అడుగుతారు: ఈ పని ఎంత తరచుగా చేస్తారు, ఎంత ముఖ్యం? యూజర్‌ని చేర్చడం రోజూ చేసే పని, కాబట్టి దానికి మార్కులు దండిగా పడతాయి. పోయిన డేటాబేస్‌ను తిరిగి లేపడం? అయిదేళ్లకోసారి కూడా రాదు. ఉద్యోగం పోయేది, కంపెనీ పరువు వీధిన పడేది ఆ ఒక్క రాత్రే అయినా, తరచుదనం కాలమ్‌లో దాని అంకె చిన్నది. దేనికైతే మనిషిని పెట్టుకున్నామో అది సగటులో కొట్టుకుపోతుంది.

2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రాముల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఏం జరిగిందో చూడండి. పని ముగించాల్సిన వేళ దాటిపోయిన ఇంజనీరు ఒకరు, ఉపసర్వర్ అనుకుని అసలు సర్వర్ మీద డేటాబేస్ డైరెక్టరీని తుడిచేశారు. రెండు క్షణాల్లో తెలిసొచ్చి ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. పరీక్షలో అయితే ఆయనకు పూర్తి మార్కులే: ఆదేశం సరైనది, స్విచ్‌లు సరైనవి, స్పెల్లింగ్ తప్పు లేదు. టైప్ చేసిన యంత్రమొక్కటే వేరు. ఆ సంగతి ఏ ఆప్షన్‌లోనూ పట్టదు.

అసలు రసం ఆ తర్వాత ఉంది. వాళ్ల దగ్గర బ్యాకప్, రెప్లికేషన్ ఏర్పాట్లు అయిదు. సరిగ్గా పనిచేసేది ఒక్కటీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్, దాని నకలు తీయాల్సిన పనిముట్టు 9.2. రోజూ విఫలమైంది. విఫలమయ్యానని బుద్ధిగా మెయిలు కూడా పంపింది. మెయిలు పంపిందెవరో సరిచూసే డీమార్క్ లెక్క కుదరక ఆ మెయిళ్లు తిరుగుటపాలో పోయాయి. చివరికి ఆదుకున్నది ఆరు గంటల ముందు మరేదో పరీక్ష కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్. ఆ కంపెనీ తన తప్పులన్నీ దాచకుండా అచ్చేసింది, పునరుద్ధరణ పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. అంత నిజాయితీకి ఏ సిలబస్‌లో వెయిటేజీ ఉందో వెతికాను, ప్రింటర్లు దాటి ముందుకు పోలేకపోయాను.

మళ్లీ పరీక్షల సంగతికొస్తే, బట్టీ పరీక్షకి డంప్సే, అంటే బయటికొచ్చిన ప్రశ్నల మూటలే, మందు. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ వీధుల్లో ఆ రహస్యం తెలియనివారెవరు? దానికి పిల్లల్ని తిట్టడం దండగ. అడిగేది జ్ఞాపకశక్తినే అయితే వాళ్లు తెచ్చేదీ అదే.

లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వారి పరీక్ష వేరు, ఒప్పుకోవాలి. యంత్రం ముందు కూర్చోబెట్టి పని చేసి చూపించమంటారు, రీబూట్ అయ్యాక కూడా అమరిక నిలిచి ఉండాలంటారు. కానీ ఆ యంత్రాన్ని వాడేవారెవరూ లేరు. అక్కడ రీబూట్ చేస్తే ఏ కస్టమరూ ఫోన్ చేయడు. బయట అదే రీబూట్‌కి చేంజ్ రిక్వెస్టు, మేనేజర్ ఆమోదం, ఆదివారం తెల్లవారుజాము ముహూర్తం కావాలి. ఇన్నీ అయ్యాక రెండేళ్లుగా ఆపని సర్వర్ మళ్లీ లేస్తుందా అన్న దడ ఒకటి.

నన్నడిగితే ఒకే ఒక్క ప్రశ్న చాలు. ఒకేలా కనిపించే రెండు నల్ల తెరలు, ఒక విరిగిన బ్యాకప్, అయిదు నిమిషాలకోసారి ‘అయిందా?’ అని అడిగే మేనేజరు. డేటా వెనక్కి తెప్పించు, ఏం పోయిందో నిజం రాసి సంతకం పెట్టు.

ఇది కుదరదని పరీక్ష కమిటీ వారు వెంటనే అంటారు, వాళ్ల బాధలో న్యాయముంది. గిట్‌ల్యాబ్ మళ్లీ నిలబడటానికి దాదాపు 18 గంటలు పట్టింది. పరీక్ష హాలు 90 నిమిషాలకే బుక్ అయ్యింది, తర్వాతి బ్యాచ్ బయట నిలబడి ఉంది.