పసుపు బొమ్మల బ్లూస్

గాలి ఉండగానే తూర్పారబట్టుకోవాలని మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమెరికా టీవీ వ్యాపారులకూ చెప్పక్కర్లేదు. 1989 డిసెంబరులో ఫాక్స్ చానెల్‌లో ‘ది సింప్సన్స్’ కార్టూన్ సీరియల్ మొదలైంది. ఏడాది తిరక్కుండానే, సరిగ్గా 1990 క్రిస్మస్ బేరాల వేళకు, గెఫెన్ రికార్డ్స్ వారి ‘ది సింప్సన్స్ సింగ్ ద బ్లూస్’ ఆల్బమ్ దుకాణాల్లోకి దిగింది. పసుపుపచ్చ బొమ్మలు పాడతాయట! అదీ బ్లూస్ పాడతాయట!

బ్లూస్ అంటే మిసిసిపీ పత్తిచేలల్లో నల్లజాతి కూలీలు కడుపుమంటతో పాడుకున్న పాట. ఆ చేలల్లో పత్తి ఏరిన చేతులతోనే గిటారు పట్టి జగద్విఖ్యాతుడైన బి.బి. కింగ్‌ను పిలిపించి, సీరియల్‌లోని ఇంటిపెద్ద హోమర్ సింప్సన్ పాటకు వాయించమన్నారు. హోమర్ గారికున్న కష్టాలు మరి సామాన్యమైనవా? డోనట్లు అయిపోతాయి, బీరు నిండుకుంటుంది! జాజ్ గాయని బిల్లీ హాలిడే పాడిన పాటను హోమర్ కూతురు, ఎనిమిదేళ్ల లీసాకు అప్పగించారు. డాక్టర్ జాన్, జో వాల్ష్ వంటి ఉద్దండులూ వచ్చి తలో చెయ్యి వేశారు.

ఇంతమంది మహానుభావులు చెమటోడిస్తే, జనం నోట ఆడింది మాత్రం హోమర్ కొడుకు బార్ట్ పాడిన ‘డు ద బార్ట్‌మన్’. అది బ్లూస్ కాదు. గంతులు వేయించే ర్యాప్. పాడిన పదేళ్ల పోకిరికి గొంతు అరువిచ్చింది ముప్పై దాటిన నాన్సీ కార్ట్‌రైట్. అట్ట మీద ఒక సరుకు, లోపల అమ్ముడుపోయేది మరొకటి. అయితేనేం, ఆల్బమ్ బిల్‌బోర్డ్ జాబితాలో 3వ స్థానానికి ఎక్కి కూచుంది.

అసలు తమాషా బ్రిటన్‌లో జరిగింది. అక్కడ ఈ సీరియల్ స్కై ఉపగ్రహ చానెల్ ఉన్న ఇళ్లలోనే కనబడేది. బీబీసీలోకి వచ్చేసరికి 1996 అయింది. కానీ బార్ట్ పాట 1991లోనే నంబర్ వన్ అయి, మూడు వారాలు అక్కడే పీట వేసుకుంది. అంటే కొన్నవాళ్లలో బోలెడంతమంది బార్ట్ మొహాన్ని టీవీలో చూసి కూడా ఉండరు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఇక పాట పుట్టుక గురించి మరో పురాణం. దీన్ని మైకేల్ జాక్సనే రాశాడని గుసగుస. ఆల్బమ్ మీద పేరు బ్రయన్ లోరెన్‌ది. సీరియల్ సృష్టికర్త మ్యాట్ గ్రేనింగ్ 1998లో జాక్సన్‌కూ రచనలో చెయ్యి ఉందన్నాడు. లోరెన్ మాత్రం ‘రాసింది నేనే, ఆయన వెనక గొంతు కలిపాడంతే’ అంటాడు. వారిద్దరి మాట ఎలా ఉన్నా పుకారుకు లోటేమీ రాలేదు. రాసినవాడు లోరెన్ అంటే ‘ఎవరాయన?’ అంటారు. జాక్సన్ అంటే జేబులో చెయ్యి పెడతారు.

ఇదంతా మామూలు కార్టూన్ చేసి ఉంటే పోనీలే అనుకోవచ్చు. ఈ సీరియల్‌కు పేరొచ్చిందే ఇలాంటి వ్యాపారాన్ని ఉతికి ఆరేసినందుకు. అందులో క్రస్టీ అనే విదూషకుడున్నాడు. దొరికిన ప్రతి వస్తువు మీదా తన మొహం అచ్చేయించి పిల్లలకు అంటగట్టడమే ఆయన పని. తెర మీద క్రస్టీని చూసి మనం పడీపడీ నవ్వుతాం. తెర బయట బార్ట్ మొహం చొక్కాల మీదికీ, క్యాసెట్ల మీదికీ ఎక్కింది. క్రస్టీకి రాయల్టీ ఇచ్చినట్టు మాత్రం దాఖలాల్లేవు.

పాటలు కట్టడం చేతకాక ఇలా చేశారనుకుంటే పొరపాటు. 1993లో వచ్చిన మోనోరైల్ ఎపిసోడ్ చూడండి. గడ్డిటోపీ పెట్టుకున్న సేల్స్‌మన్ ఒకడు ఊరి సభలో బొమ్మ రైలు మీది ముసుగు లాగి, పాటందుకుంటాడు. అడిగిన ప్రతి ప్రశ్నకూ ప్రాస కలిపి జవాబిస్తాడు. రోడ్డు బాగు చేయించుకుందామని హోమర్ భార్య మార్జ్ మొత్తుకున్నా ఎవరికీ వినబడదు. ఊరంతా కోరస్ పాడి పనికిరాని రైలును కొనేస్తుంది. ఆ పాట కథలోంచి పుట్టింది, అందుకే ఈనాటికీ జనం పాడుకుంటున్నారు. ‘ది ఎల్లో ఆల్బమ్’ అని 1998లో మళ్లీ ఓ ఆల్బమ్ వదిలారు. అది మొదటిదాని దరిదాపులకైనా రాలేదు.

కాబట్టి పాఠకులకు ఒకటే మనవి. సీరియల్‌ను హాయిగా చూడండి, కథలో వచ్చిన పాటలకు మనసారా నవ్వండి. బ్లూస్ వినాలనిపిస్తే మాత్రం నేరుగా బి.బి. కింగ్ రికార్డే కొనుక్కోండి. అందులో హోమర్ అడ్డం రాడు.