మైనస్ ఇరవై మావయ్యగారు

అమెరికా వెళ్ళొచ్చిన అమ్మానాన్నలు మా కోనసీమలో వీధికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. కొందరు చాక్లెట్లు తెస్తారు, కొందరు మోకాళ్ళ నొప్పులకి మాత్రలు తెస్తారు. మా ఎదురింటి మావయ్యగారు అక్కడి చలికాలాన్నే మూటగట్టుకొచ్చేశారు.

కొడుకుండేది మినియాపొలిస్‌లో. దసరాలకి వెళ్ళి ఉగాదికి తిరిగొచ్చారు. ఆ మధ్యలో మైనస్ ఇరవై చూశారు. అప్పట్నుంచీ అమలాపురంలో తెల్లారగట్ల పద్దెనిమిది డిగ్రీలుంటే, “ఇదీ ఓ చలేనా!” అని తీసిపారేస్తారు, మంకీ క్యాప్ తియ్యకుండానే.

కార్తీకమాసం రాగానే అందరూ శివాలయానికి వెళితే ఆయన షెడ్డుకి వెళ్ళారు. “కూలెంటు సగం, నీళ్ళు సగం కలపాలోయ్. అప్పుడు మైనస్ ముప్ఫై అయిదు దాకా గడ్డకట్టదు” అన్నారు మెకానిక్కుతో.

“ఆయ్, అంత చలొస్తే బండి సంగతి తర్వాతండి, ముందు మనవే గడ్డకట్టేస్తాం కదండీ” అన్నాడతను. అన్నాడే గాని సగంసగం కలిపే పోశాడు. ఒట్టి బోరు నీళ్ళు పోస్తే రేడియేటర్ తుప్పు పడుతుందని అతనికీ తెలుసు.

తర్వాత గొలుసుల వేట. మంచులో టైర్లు జారకుండా అక్కడ గొలుసులు చుడతారట. మావయ్యగారు ఇనప సామాన్ల కొట్టుకెళ్ళి, “మంచి గొలుసు ఉందా?” అన్నారు.

“గేదెకాండి, దూడకాండి?”

“కారుకయ్యా!”

కొట్టాయన ఓ క్షణం ఆలోచించి, “దొంగల భయవైతే తాళం కప్ప కూడా తీసుకోండి” అన్నాడు. మావయ్యగారు గేదె గొలుసే కొన్నారు.

డిక్కీ చూడబోతే సంతలా తయారైంది. మంచు తవ్వడానికి అక్కడ పార పెట్టుకుంటారు కాబట్టి ఇక్కడా పార. చక్రం కూరుకుపోతే కింద చల్లడానికి, పిల్లుల కోసం అమ్మే ఇసక వాడతారట. దాని బదులు రైసుమిల్లు నుంచి బస్తాడు ఊక. దారిలో ఇరుక్కుపోతే కప్పుకోడానికి రగ్గు. ఆకలేస్తే తినడానికి అత్తయ్యగారి జంతికలు. ఈ చివరిది మాత్రం పోలిస్వర్గం దాకా కూడా ఆగలేదు. కారు గేటు దాటకుండానే మావయ్యగారు రోజుకోసారి దారిలో ఇరుక్కుపోయేవారు.

పైగా పొద్దున్నే అరగంట ఇంజను వేడెక్కించడం. ఆ వెచ్చదనానికి వీధిలో పిల్లులన్నీ బానెట్టు మీదికి చేరేవి. పిల్లులు పైన పడుకుంటే కింద ఎలకలు కాపరం పెట్టాయి. సార్వా కోతలయ్యాక చేలో గింజ ఉండదు, ఎలక ఊళ్ళోకొస్తుంది, కారులో వైర్లు కొరుకుతుంది. ఈ ముక్క మినియాపొలిస్‌లో ఎవరూ చెప్పలేదు. అత్తయ్యగారు ఏమీ మాట్లాడకుండా నాలుగు పొగాకు కాడలు తెచ్చి బానెట్టు కింద దోపారు. మళ్ళీ ఎలక కనపడలేదు. “హెర్బల్!” అన్నారు మావయ్యగారు.

అలాగని ఆయనకి ఏమీ తెలీదనుకుంటే పొరపాటే. గోదారి జిల్లాల్లో చలికాలం అంటే చలి కాదు, పొగమంచు. రాత్రి మబ్బు లేకుండా, గాలి లేకుండా ఉంటే నేల చల్లబడుతుంది. కాలవలూ, తడి చేలూ, చెరువులూ ఇచ్చే తేమంతా తెల్లారేసరికి రోడ్డు మీదే కాపరం పెడుతుంది. అప్పుడు హైబీమ్ వేస్తే, పెళ్ళిలో అడ్డుతెర పట్టినట్టు ఎదురుగా తెల్లగుడ్డ తప్ప ఏమీ కనపడదు. “లోబీమే వెయ్యాలి. లోపల అద్దం మసకేస్తే గుడ్డతో తుడవకు, ఏసీ వెయ్యి, తేమ లాగేస్తుంది. కదిలే బండికి నాలుగు ఇండికేటర్లూ కొట్టకు, నువ్వెటు తిరుగుతున్నావో వెనకవాడికెలా తెలుస్తుంది? ఆగిన బండికే అది” అంటారు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే ఆ టైరు పనికిరాదని, రూపాయి బిళ్ళ దోపి మరీ చూస్తారు. ఆ బిళ్ళతో మా వీధిలో కార్లన్నీ పరీక్ష రాసేశాయి. నా కారు తప్పింది.

వెనక బంపరుకి అంటించగా మెరిసే ఎర్ర టేపు ఓ చుట్ట మిగిలిపోయింది. పారెయ్యడానికి చేతులు రావు కదా! గడ్డి ట్రాక్టరు తొట్టికి ఓ ముక్క, కొబ్బరికాయల రిక్షాకి ఓ ముక్క, పాలబ్బాయి సైకిలు మడ్‌గార్డుకి ఓ ముక్క. “మా బళ్ళకి బొట్టెట్టేస్తన్నారేటండీ” అని వీధంతా ఎటకారం ఆడారు.

భోగి నాడు కొడుకు రాక. మధురపూడిలో విమానం దిగేది ఏడున్నరకి. నాలుగున్నరకే బయల్దేరాం. స్టీరింగు నాది, నోరు మావయ్యగారిది. వెనక అత్తయ్యగారు. అసలే పొగమంచు, దానికి తోడు భోగిమంటల పొగ. బానెట్టు చివర కూడా కనపడట్లేదు. “రేడియో కట్టెయ్. అద్దాలు దించు. కళ్ళు పనిచెయ్యనప్పుడు చెవులు పనిచెయ్యాలి” అన్నారు.

ఊరు దాటి రెండు కిలోమీటర్లు వెళ్ళామో లేదో, ఎక్కడో గలగలమని చప్పుడు. ఆ వెంటనే తెల్లటి గోడలో చిన్న ఎర్ర చుక్క మెరిసింది. బ్రేకు మీద కాలు దానంతటదే పడింది. కారుకి రెండు బారల దూరంలో, గోనెసంచి ముసుగేసుకుని, ఖాళీ క్యాన్లతో పల్లెల మీదికి పాలకి పోతున్న మా పాలబ్బాయి! సైకిలుకి లైటు లేదు, డైనమో లేదు. మడ్‌గార్డు మీద మావయ్యగారి బొట్టు మాత్రం ఉంది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. అత్తయ్యగారే అన్నారు: “కారుకి బోలెడు తగలేశారు. పనికొచ్చింది పక్కవాడి సైకిలుకి అంటించిన జానెడు ముక్క.”

రోడ్డు పక్కన రైసుమిల్లు ఆవరణలోకి కారు దింపేశాం. అక్కడ కుర్రాళ్ళు భోగిమంట వేసుకుంటున్నారు. ఇంతలో ఫోను: పొగమంచు వల్ల విమానం హైదరాబాదులోనే ఆగిపోయిందట. “అంత పెద్ద విమానవే ఎండ కోసం చూస్తోంది, మనవెంతండీ” అన్నారు అత్తయ్యగారు. మంట చుట్టూ కూర్చున్నాం. ఊక మంటలోకి వెళ్ళింది. పార నిప్పులు ఎగదోయడానికి పనికొచ్చింది. రగ్గు అత్తయ్యగారు కప్పుకున్నారు. ఎనిమిదిన్నరకి ఎండొచ్చింది, రోడ్డు వచ్చింది, మేం కదిలాం.

కొత్త గొలుసు కనుమ నాడు మా గేదె మెడలో పడింది. మావయ్యగారు వచ్చి చూసి, మిగిలిన టేపు దాని రెండు కొమ్ములకీ చుట్టి, రెండడుగులు వెనక్కి వేసి తృప్తిగా తలాడించారు.

“ఇహ దీన్ని మైనస్ ఇరవైలోనైనా తోలుకెళ్ళచ్చురా అల్లుడూ.”