డబ్లిన్ సంబంధం

మేనకోడలికి సంబంధాలు చూడమని మా అక్క పోరు పెడుతుంటే, పడలేక పేరయ్యగారికి కబురు పెట్టాను. బరంపురంలో తెలుగువాళ్ల పెళ్లి వ్యవహారాలన్నీ ఆయన చేతిసంచిలోనే ఉంటాయి. కుర్చీలో సర్దుకుని డైరీ తీశారు. అందులో కుర్రాళ్ల పేర్లు కనబడవు, దేశాల పేర్లే.

“అమెరికా నిరుటిదాకా బంగారమే బాబూ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీకి లక్ష డాలర్లు కట్టమన్నాక కాస్త దిగింది. బ్రిటన్ మాట ఎత్తకండి. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ కుర్రాళ్లు పెళ్లాన్ని వెంట తీసుకెళ్లడానికి లేదు. అల్లుడక్కడ, అమ్మాయిక్కడ, ఆ మాత్రానికి పెళ్లేటి? జర్మనీలో ఫీజు తక్కువే గానీ, అప్పులేని కుర్రాడంటే ఇక్కడెవరికీ గురి కుదరట్లేదు.”

“సూరత్‌లో ఎవరూ లేరా?” అన్నాను.

పేరయ్యగారు కళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశారు. గంజాం పల్లెల నుంచి రైలెక్కి, సూరత్ మరమగ్గాల దగ్గర పన్నెండేసి గంటలు నిలబడి, నెలనెలా ఇంటికి డబ్బు పంపే కుర్రాళ్లు ఆయన డైరీకి ఎక్కలేదు. రైలు ప్రయాణం ప్రయాణమే కాదాయె.

అసలు ఈ జిల్లాకి సముద్రం దాటడం కొత్తా? గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్లిన తాతలు ఎందరు లేరు! అప్పుడు కన్సల్టెన్సీలు లేవు, మేస్త్రీలుండేవారు. మేస్త్రీ కనీసం ముందు అడ్వాన్సు చేతిలో పెట్టి మనిషిని ఓడెక్కించేవాడు. ఇప్పుడు మనమే ముందు కట్టి, ఫొటో దిగి, గాజుతలుపు మీద అంటించుకోమని ఇచ్చి వస్తున్నాం. అభివృద్ధి అంటే ఇదే కాబోలు.

నాకూ దుర్బుద్ధి పుట్టింది. “నా ఎరికలో ఒక కుర్రాడున్నాడు, రేటు కట్టండి” అన్నాను.

“ఊరు?”

“మనదే. ఖల్లికోట కాలేజీలో చదివాడు. తండ్రి ఇక్కడే పేరున్న ప్లీడరు.”

“శుభం. ఏ దేశం?”

“ఐర్లండ్. డబ్లిన్‌లో లా.”

కలం కదిలింది. “డబ్లిన్‌కిప్పుడు మంచి గిరాకీ బాబూ. పీఆర్ వచ్చిందా?”

“పీఆర్ కాదు, నోటీసు వచ్చింది. అక్కడి విప్లవకారులతో తిరుగుతున్నాడని పోలీసులు కన్నేశారు. వాళ్ల కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేష్టారినైతే కాల్చి చంపారు. జూలై 1లోగా దేశం వదలమన్నారు. బీఏ సగంలో పోయింది. జూన్ 21న బారిస్టరు పట్టా మాత్రం చేతికొచ్చింది.”

“డిపోర్టా!” కలం ఆగిపోయింది. “వచ్చి ఏం వెలగబెడుతున్నాడు?”

“కొన్నాళ్లు ప్రాక్టీసు చేసి మానేశాడు. రైల్వే కార్మికులకి సంఘాలు పెడుతున్నాడు. మధ్యమధ్య జైలు.”

పేరయ్యగారు డైరీ మూసేశారు. “ఆ ప్లీడరుగారు ఎంత తగలేశారో పాపం. రెండో పెళ్లి సంబంధానికి కూడా పనికిరాడు బాబూ.”

“ఆ కుర్రాడి పేరు వరాహగిరి వెంకటగిరి. 1913లో వెళ్లాడు, 1916లో వచ్చాడు. నేను చదివింది అప్పటి బయోడేటా.”

పేరయ్యగారు ఒక్క క్షణం తడబడ్డారు. ఆ సందులో నేను రెచ్చిపోయాను. గిరి వెళ్లిన ఏడే డబ్లిన్‌లో యజమానులు వేలమంది కార్మికులకి పని లేకుండా గేట్లు మూశారు. ఆ ఊళ్లో మూడేళ్లు కళ్లు తెరుచుకుని బతికినవాడు రైల్వే కార్మికుల దగ్గరికి కాక ఇంకెక్కడికి పోతాడు? 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజానే ఓడించాడు, 1969లో రాష్ట్రపతి అయ్యాడు. విదేశీ చదువంటే ఇదీ అని బల్ల గుద్దాను. కాఫీ ఒలికింది.

పేరయ్యగారు పంచె మీద పడ్డ కాఫీ తుడుచుకుని నెమ్మదిగా లెక్క వేశారు. “1916 నుంచి 1969 అంటే యాభై మూడేళ్లు. బ్యాంకువాడు చదువయ్యాక ఏడాదే ఆగుతాడు బాబూ.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నవాళ్లు పత్రికకి రాయండి.

పేరయ్యగారు ఆటో పిలిచి గిరి రోడ్డుకి పోనిమ్మన్నారు. అక్కడో సంబంధం ఉందట, డబ్లిన్‌లో ఎమ్మెస్. సాయంత్రానికి అక్క ఫోను: జాతకం తెప్పించమంది, ఇంటి పత్రాలు బ్యాంకులో ఉన్నాయో లేదో కూడా కనుక్కోమంది.

మేనకోడలు లౌడిగాం ఐసర్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. తననింకా ఎవరూ అడగలేదు.