పది ముక్కలు కొలిచి హద్దు గీయకండి

“పది ముక్కలు కొలువు, సగటు తియ్యి, అటు మూడు సిగ్మాలు ఇటు మూడు సిగ్మాలు వేసెయ్యి. అదే టాలరెన్స్.” లేత్ షాపులో చేరిన కొత్తలో నాకు అందిన మొదటి సలహా ఇది. ఇప్పటికీ కొత్త కుర్రాళ్లకు ఇదే నూరిపోస్తున్నారు. వింటుంటే బాధేస్తుంది.

మూడు సిగ్మాల మధ్య 99.73 శాతం సరుకు ఉంటుందన్నది నిజమే. అయితే అసలు సగటూ, అసలు సిగ్మా (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే లెక్క) తెలిసి ఉండాలి, కొలతలు గంట ఆకారంలో పరుచుకోవాలి. పది ముక్కల్లోంచి తీసిన సిగ్మా ఒట్టి అంచనా. మరో పది కొలిస్తే మరొకటి వస్తుంది. 25 మిల్లీమీటర్ల షాఫ్టులు పది కొలిస్తే సిగ్మా 0.01 వచ్చిందనుకోండి. సరుకులో 99 శాతం మనం గీసే హద్దుల్లోనే ఉంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, ఆ సిగ్మాను మూడుతో కాదు, సుమారు 4.43తో హెచ్చించాలి. అంటే అటూ ఇటూ 0.03 చాలదు, 0.044 కావాలి. ముప్పై ముక్కలు కొలిస్తే ఆ 4.43 కాస్తా 3.35కి దిగుతుంది. ఇంకో ఇరవై ముక్కలు కొలిచే ఓపిక చేసుకోండి.

ఇంతా చేస్తే తెలిసేది మన లేత్ ఏం చేయగలదన్నదే. షాఫ్టు ఎంతలో ఉండాలో చెప్పాల్సింది అది కూర్చునే బేరింగ్.

“ఏ పదైనా ఒకటే, వరసగా తీసుకో” అనేది ఇంకో సలహా. లేత్‌కి కొత్త ఇన్సర్ట్ (లోహాన్ని కోసే మొన) బిగించాక వరసగా దిగిన ముక్కలు కవల పిల్లల్లా ఉంటాయి. ఆ ఇన్సర్ట్ అరిగేకొద్దీ షాఫ్టు లావెక్కుతుంది. నేనూ ఒకసారి పొద్దుటి పది ముక్కలతోనే హద్దు గీశాను. మధ్యాహ్నానికి సరుకు దాన్ని దాటింది. ఆపరేటర్‌ని నలుగురిలో తిట్టాను. తప్పు నాదని తెలిశాక ఆ నలుగురి ముందే ఒప్పుకున్నాను. 1924లో వాల్టర్ షూహార్ట్ గీసిన కంట్రోల్ చార్టులో కొలతల్ని కాలక్రమంలో పెట్టేది ఇలాంటి జరుగుడు కంటబడాలనే.

“తేడా రీడింగు కొట్టెయ్యి” అంటారు. కారణం దొరకనిదే కొట్టేయకండి.

నాలుగు ముక్కలు పేర్చే చోట, ఒక్కోదానికి ±0.1 ఉంటే, “వర్గాలు కూడి మూలం తియ్యి, మొత్తానికి ±0.2 చాలు” అంటారు. ఒకదాని తేడాతో మరొకదానికి సంబంధం లేకుండా, ప్రతి కొలతా నడిమధ్య చుట్టూ తిరుగుతుంటేనే ఆ లెక్క నిలుస్తుంది. నాలుగూ ఒకే డైలోంచి వస్తే, డై అరిగినప్పుడు నాలుగూ ఒకే వైపు జరుగుతాయి. అక్కడ ±0.4కి చోటు వదలండి.