అల ఎక్కడం మాకు కొత్తా?

సర్ఫింగంటే పై దేశం నించి దిగుమతైన విద్య అనుకుంటున్నావు కదరా అబ్బాయ్. రుషికొండ ఒడ్డున రంగు పలక ఒకటి అద్దెకి తీసుకుని, కాలికి తాడు కట్టించుకుని, అల మీద రెండు క్షణాలు నిలబడ్డావో లేదో చేతులెత్తి కేకేస్తావు. నీ స్నేహితుడు ఒడ్డున నిలబడి ఫోనులో పట్టేస్తాడు. సంతోషం. కానీ ఆ అలల మీదే మా అయ్య, వాళ్లయ్య, ఆయన్ని కన్నాయన ప్రతి పొద్దూ ఎక్కి దిగారు. నిలబడే దిగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తెప్ప మీద తడిసిన వల ఉండేది, ఒడ్డున ఆకలితో పిల్లలుండేవారు, చప్పట్లకి తీరికేది? హవాయి దీవుల వాళ్లది ఆ ఆట అని మా మనవడు చెప్పాడు. కాదనను. వాళ్లు సరదాకి ఎక్కారు, మేం కూటికి ఎక్కాం.

తెప్ప నువ్వు చూసి ఉండవు. చూసినా ఏ హోటలు ముందో అలంకారానికి నిలబెట్టిన దాన్ని చూసుంటావు. తేలిక దుంగలు నాలుగైదు చెక్కి, ముందు కొస పైకి తిరిగేలా దిద్ది, పక్కపక్కన పెట్టి తాడుతో బిగించి కట్టేవాళ్లం. మేకన్నది లేదు. నీళ్లు దుంగల సందుల్లోంచి వచ్చి సందుల్లోంచే పోతాయి కాబట్టి అది మునగదు. తిరగబడితే ఇద్దరు పట్టి మళ్లీ తిప్పుకోవాలి, అంతే. వేట నించి రాగానే కట్లు విప్పి దుంగలు విడివిడిగా ఇసక మీద ఆరబెట్టాలి. తడి పీల్చిన దుంగ బరువెక్కుతుంది, మర్నాడు అల ఎక్కదు. ఆ దుంగలు మోయడం నా చిన్నప్పటి పని. భుజం కాయ కాసిపోయింది. ఇప్పుడు మీ పలక చిటికెన వేలితో ఎత్తొచ్చు, అయినా దాన్ని ఇద్దరు పట్టుకుని నడుస్తారు!

లోపలికి పోవడం ఒక ఎత్తు, బయటికి రావడం ఇంకో ఎత్తు. పోయేటప్పుడు మా అయ్య ఒడ్డున నిలబడి చాలాసేపు ఏమీ చెయ్యకుండా చూసేవాడు. నాకు విసుగేసేది. పెద్ద అలలు కొన్ని వరసగా వస్తాయి, తరవాత కాసేపు తగ్గు ఉంటుంది. ఆ తగ్గు చూసుకుని "తొయ్యండ్రా" అనేవాడు. వచ్చేటప్పుడు అలలు విరిగే చోటికి అవతలే ఆగాలి. వెనక్కి తిరిగి చూసుకోవాలి. మనది అనిపించిన అల వచ్చేదాకా తెడ్డు కదపకూడదు. వచ్చిందా, ఊపిరి బిగబట్టి వెయ్యాలి, అల తెప్ప తోకని ఎత్తి ఒడ్డుకి విసురుతుంది, వెనకున్న వాడు తెడ్డుని చుక్కానిలా పట్టి తెప్ప అడ్డం తిరక్కుండా చూడాలి. మీ మాస్టారు డబ్బులు తీసుకుని నీకు చెప్పే పాఠం అక్షరాలా ఇదే. ఆ మాస్టారు మా పాలెం గుంటడే, వాడి తాత మా అయ్యతో తెప్పెక్కినవాడే. ఆ సంగతి నీకు ఎవరూ చెప్పరు, నువ్వూ అడగవు. నా బాధల్లా అక్కడే.

మన ఊళ్లకి అల మీంచి మనుషుల్ని దించడం కూడా కొత్త కాదు. విశాఖపట్నం రేవు 1933లో తెరిచారు. అంతకుముందు ఓడలు దూరాన లంగరు వేసుకుని నిలబడితే, జనాన్నీ సరుకునీ మసూలా పడవల్లో ఒడ్డుకి చేర్చేవాళ్లు. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవలవి. మేకులు కొట్టిన పడవ విరిగిన అలలో ఇసకని తాకితే బద్దలవుతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. భీమిలిలో డచ్చి వాళ్ల సమాధులు చూసి ఫోటోలు తీసుకుంటావే, ఆ దొరలంతా మన పడవ వాళ్ల చేతుల్లో ప్రాణాలు పెట్టుకునే ఈ ఒడ్డున దిగారు. పడవ వాడి సమాధి మాత్రం ఎక్కడా కనపడదు నీకు.

రేవు కట్టేటప్పుడు అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని కావాలనే ముంచారు. మా తాత ఆ కథ మహా కోపంగా చెప్పేవాడట. ఆ కోపానికి కారణం నాకు పెద్దయ్యాక తెలిసింది. మన ఒడ్డున ఇసక ఒక చోట ఉండదు, నైరుతి గాలుల కాలమంతా దక్షిణం నించి ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. మధ్యలో రేవు గోడ అడ్డొస్తే ఇసక అక్కడే ఆగిపోయి, అవతల ఒడ్డు ఆకలికి మాడుతుంది. అందుకే రామకృష్ణా బీచి కోసుకుపోతోంది, అందుకే ఇసకని తవ్వి తెచ్చి గొట్టాలతో అక్కడ పోస్తుంటారు. రేవు వల్ల వేల కుటుంబాలు తిన్నాయి, నా చిన్న తమ్ముడు కూడా తిన్నాడు. అయినా మా తాత సణిగాడు. ఆయన సణుగుడు నాకు ఆస్తిగా వచ్చింది, పొలం రాలేదు.

ఇక మా ప్రయాణాల సంగతంటావా? బీచి రోడ్డు రాకముందు పట్నం పోవాలంటే తగరపువలస మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. లేదంటే నడక, తడి ఇసక గట్టిగా ఉంటుందని పోటు తగ్గినప్పుడు బయల్దేరి. మా అమ్మ, మా అప్ప కానాగంత చేపలో కవ్వళ్లో గంపకెత్తుకుని, పొగాకు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, ఎండెక్కకుండా కొండ అవతలి ఊళ్లకి పోయేవాళ్లు. డబ్బులు కాదు, వడ్లూ చోళ్లూ తెచ్చేవాళ్లు. దారి పొడుగునా సరుగుడు తోటలు. గాలికి ఆ తోటలు చేసే చప్పుడు విని సముద్రం ఎలా ఉందో చెప్పేది మా అప్ప. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి చాలా చెట్లని పడగొట్టింది. మిగిలినవాటిని మనుషులు పడగొట్టారు.

ఇప్పుడు 900కె బస్సు ఎక్కితే భీమిలి దాకా కిటికీలోంచి సముద్రమే. మంచిదే, నా మోకాళ్లు దానికి దండం పెడతాయి. కానీ ఆదివారం వచ్చిందంటే ఆ రోడ్డు మీద కార్లు ఆగి, తలుపులు తెరిచి, లోపలి పాటలు పాలెమంతా వినిపిస్తారు. ఎర్రమట్టి దిబ్బల మీద జారుతారు. వేల ఏళ్లు గాలీ నీరూ కలిసి పోగేసిన మట్టిరా అది, నువ్వు కాలితో జార్చిన మట్టి మళ్లీ పైకి రాదు. 1978లో 'మరో చరిత్ర' వచ్చింది, అందులో భీమిలిని చూసి రాష్ట్రమంతా ఇటు తిరిగింది. సినిమా వాళ్లు వచ్చినప్పుడు ఊరంతా వెళ్లి నిలబడింది, వాళ్లు తీసుకున్నారు, పెట్టె సర్దుకుని పోయారు. ఇప్పుడు వచ్చిన ప్రతివాడూ సినిమా వాడే, పెట్టె సర్దుకునేవాడు లేడు. ఖాళీ సీసాలూ పళ్లేలూ ఇసకలో వదిలేసి పోతారు. రుషికొండ ఒడ్డుకి 2020లో నీలి జెండా ఇచ్చారు, శుభ్రమైన తీరమని. జెండా పాతిన మేర ఊడుస్తారు. దాని అవతల మా ఒడ్డు ఉంది, అక్కడికి చీపురు రాదు.

కొండల గురించి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. నడిసముద్రంలో చేపలుండే రాతి నేల ఎక్కడుందో మాకు ఎవరూ అట్టమీద గీసివ్వలేదు. ఒడ్డున రెండు కొండలు ఒకదాని వెనక ఒకటి ఏ లెక్కన కనపడుతున్నాయో చూసుకుని గురుతు పెట్టుకునేవాళ్లం. అటు యారాడ కొండ ముక్కు, ఇటు భీమిలి పావురాలకొండ, మధ్యలో రుషికొండ, వెనకాల సింహాచలం కొండ. ఈ కొండ ఆ కొండ భుజం మీదికొస్తే అక్కడ వల వెయ్యాలి. కొడుక్కి తండ్రి ఇచ్చే ఆస్తి అదే, మరొకడికి చెప్పేవాళ్లం కాదు. రుషికొండని తొలిచి మేడలు కట్టారు. ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అని మీరు టీవీల్లో ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. సముద్రం మీంచి చూసేవాడికి ఆ కొండ రూపే మారిపోయిందన్న మాట ఎవరి నోటా నేను వినలేదు. చేతిలో జీపీఎస్సు ఉందిగా అంటాడు మనవడు. ఉంది. అది చార్జింగు అయిపోయిన రోజున కొండని ఎక్కణ్ణించి తెస్తావురా?

ఇక నీకు కోపమొచ్చినా చెప్పి తీరాల్సింది ఒకటుంది. ప్రతి వేసవిలో, ప్రతి పండగ సెలవుల్లో ఈ తీరం చదువుకునే పిల్లల్ని మింగుతోంది. వాళ్లమ్మలు ఒడ్డున కూలబడి ఏడవడం చూసినవాణ్ణి, అందుకే గొంతు పెంచి చెబుతున్నాను. మీరు అల విరిగే చోటు చూసి భయపడతారు, పక్కన నున్నగా, నురగ లేకుండా, కాస్త నల్లగా కనిపించే సందు చూసి అక్కడ దిగుతారు. చంపేది ఆ నున్నటి సందే. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో పడితే ఒడ్డుకేసి ఈదకు, ఎంత బలమున్నా అలిసిపోతావు. ఒడ్డుకి సమానంగా పక్కకి ఈదు, అలలు విరిగే చోటికి చేరు, ఆ అలలే నిన్ను తోసుకొస్తాయి. గాలి లేని రోజున కూడా పెద్ద అల లేస్తుంది. దక్షిణాన ఎక్కడో వేల మైళ్ల అవతలి సముద్రంలో తుపాను పుడితే, కొన్నాళ్లకి దాని అల మన ఒడ్డు తాకుతుంది. మా అయ్యకి భూగోళం తెలీదు, "ఎక్కడో లేచిందిరా, ఇవాళ వద్దు" అనేవాడు. ఆయన వద్దన్న రోజున పాలెంలో ఒక్క తెప్ప కదిలేది కాదు. ఇప్పుడు ఒడ్డున కాపలా కాసే జీతగాడు ఈల వేసి వద్దంటే, నువ్వెవడివి అని వాడి మీదికే పోతారు మీరు.

అన్నీ చెడిపోయాయనే నా నమ్మకం, కానీ అన్ని చోట్లా అది నిలబడదు. హైదరాబాదులో సముద్రం లెక్కలు చూసే ఇన్‌కాయిస్ అనే ఆఫీసు ఉంది. రేపు అల ఎంత ఎత్తు లేస్తుందో, చేప ఎటు ఉండొచ్చో ఫోనుకి పంపుతారు. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం చెప్పడమేంటని నేను ఊరంతా తిరిగి గొడవపడ్డాను. కానీ ఆ కబురు విని ఆగిపోయిన బోట్ల వాళ్లు ఇవాళ ఇళ్లల్లో అన్నం తింటున్నారు. మా అయ్యకి ఈ కబురు అందే రోజులైతే నాకు ఇద్దరు పెదనాన్నలు మిగిలుండేవారు. ఇంకొకటి. నూలు వలలు పోయి నైలాను వలలొచ్చినప్పుడు మా అయ్య అచ్చం నాలాగే సణిగాడు, ఇంజను బోట్లొచ్చినప్పుడు ఇంకా గట్టిగా సణిగాడు. ఆ వలలే వేశాను, ఆ బోట్లే ఎక్కాను, ఆ డబ్బుతోనే పిల్లలకి పెళ్లిళ్లు చేశాను.

ఆడపిల్లల మాటకొస్తే నా నోరు పడిపోతుంది. మా అప్ప సముద్రం పక్కన పుట్టి, సముద్రం పక్కన ముసలిదై, సముద్రం పక్కనే పోయింది. ఒక్కనాడు తెప్ప మీద కాలు పెట్టలేదు. ఆడది ఎక్కకూడదని పెద్దల మాట. తోట చప్పుడుకి సముద్రాన్ని చెప్పగల మనిషి, ఎక్కి ఉంటే మాలో సగం మందికంటే బాగా నడిపేది. ఇప్పుడు నా మనవరాలు పొద్దున్నే పలకేసుకుని పోతుంది. మొదటిసారి పోయిన రోజున ఇంట్లో నేను చేసిన గోల గంగమ్మ తల్లి విన్నది. తరవాత ఒకనాడు వెళ్లి చూశాను. అలలు విరిగే చోటికి అవతల కూర్చుని వెనక్కి తిరిగి చూసుకుంటోంది, వచ్చిన అలనల్లా వదిలేస్తోంది. చేత్తో నీళ్లు కదపట్లేదు. అచ్చం మా అయ్య. తనకి ఎవరు చెప్పారో నాకు తెలీదు, మాస్టారు చెప్పి ఉండొచ్చు. మా రక్తమని నేను అంటాను, నువ్వు ఏమైనా అనుకో.

ఆ మాట వేరు, నీ మాట వేరు. నువ్వు వస్తావు, అద్దె పలక మీద ఎగిరి, బొంగులో చికెను తిని, చీకటి పడకుండా పోతావు. ఈ ఊరి కూడు ఎలా ఉంటుందో కూడా నీకు తెలీదు. మట్టి దాకలో కాచి, రాత్రంతా ఉంచి, పొద్దున చద్దన్నంలో వేసుకునే పులుసు రుచి ఏ కొట్టులోనూ అమ్మరు. ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా ఇంజను బోట్లకి వేట నిషేధం, చేప గుడ్లు పెట్టే కాలమని. అప్పుడు మావాళ్లంతా ఒడ్డునే ఉంటారు, వలలు అల్లుకుంటూ, బోట్లకి రంగులేసుకుంటూ. ఆ రోజుల్లో రా. వచ్చి ఆ ముసలాళ్ల దగ్గర కూర్చుని ఇవాళ సముద్రం ఎలా ఉంది తాతా అని అడుగు. గంటసేపు చెబుతారు, మధ్యలో లేవకు. మా ఇంట్లో అన్నం పెట్టిస్తాను, కానీ పచ్చిచేప దొరకని రోజులవి, ఉప్పుచేపే ఉంటుంది. వాసనకి ముక్కు మూసుకున్నావంటే మాత్రం లేపి పంపేస్తాను.