నందివెలుగు పొలాల్లో పాత లెన్స్: ఒళ్లు అలవకుండా గట్టెక్కే ఎనిమిది చిట్కాలు

ఇంట్లో కెమెరా ఉందని చుట్టాలకు తెలిసిందంటే అయిపోయినట్టే. ఓణీల ఫంక్షన్‌కి పిన్ని పిలుస్తుంది, పొలం గట్టు మీద పెళ్లికి ముందు ఫొటోలు తీయమని బావ పిలుస్తాడు. పైసా ఇచ్చేవాళ్లుండరు. ఫొటోలు బాగా వచ్చాయా, మళ్లీ పిలుస్తారు. దీనికి ఒకటే మందు: చేత్తో ఫోకస్ తిప్పుకునే పాత లెన్స్. ఏది చెడినా నెపం దాని మీదికి నెట్టేయవచ్చు. కింద చెప్పినవి వరసగా పాటించండి.

1. చూడకుండా కొనండి. హీలియోస్ 44-2 అడగండి. 58 మిల్లీమీటర్లు, ఎఫ్/2. జర్మన్ల జైస్ బయోటార్ నమూనా మీద సోవియట్ వాళ్లు తమ జెనిత్ కెమెరాల కోసం చేసుకున్న లెన్స్ ఇది. ఈ రెండు ముక్కలు కంఠస్థం చేయండి. ఫొటోలేవని అడిగినవాళ్లకి ముందు చరిత్ర చెప్పండి, సగం మంది అక్కడే లేచిపోతారు. కొనేటప్పుడు మాత్రం ఫోన్ టార్చి వెలిగించి అద్దాల్లోకి తొంగి చూడకండి. లోపల సన్నటి పోగులుగా పాకిన ఫంగస్ కనపడితే బేరం చెడుతుంది.

2. అడాప్టర్ అన్నిటికంటే చవకది తీసుకోండి. బీరువాలో పడున్న నికాన్‌కి ఈ ఎం42 మర లెన్స్ బిగించాలంటే అడాప్టర్ కావాలి. లోపల అద్దం లేనిదే అడగండి. లెన్స్ కూర్చోవాల్సిన దూరం సెన్సార్ నుంచి 45.46 మిల్లీమీటర్లు, నికాన్‌లో ఉన్నది 46.5. ఆ ఒక్క మిల్లీమీటరు చాలు, రెండు మూడు మీటర్లు దాటిన ఏదీ ఫోకస్‌లోకి రాదు. తాటిచెట్ల వరస, కాలవ మలుపు, గుడి శిఖరం, అన్నీ మీ బాధ్యత నుంచి తప్పుకుంటాయి. సోనీ మిర్రర్‌లెస్ కొనకండి. దాంట్లో ఈ దూరం 18 మిల్లీమీటర్లే కాబట్టి అడాప్టర్‌కి బోలెడు చోటుంటుంది, దూరపు చెట్టు కూడా స్పష్టంగా పడి మిమ్మల్ని ఇరికిస్తుంది.

3. మిట్టమధ్యాహ్నం బయల్దేరండి. తెల్లవారుజామున లేవడం ఆరోగ్యానికి మంచిది కాదు. పాతకాలం ఫొటోగ్రాఫర్లు ఎర్రటి ఎండలో అపర్చర్ ఎఫ్/16 పెట్టి, ఫిల్మ్ ఐఎస్ఓ ఎంతో షట్టర్ అంత పెట్టి, మీటర్ లేకుండానే కొట్టేవాళ్లు. ఆ లెక్కలు మీకొద్దు, ఎఫ్/2 దగ్గరే ఉంచేయండి. ఐఎస్ఓ 100లోనే దానికి సెకనులో 6400వ వంతు షట్టర్ కావాలి, మామూలు కెమెరా 4000వ వంతుతో ఆగిపోతుంది. రాత్రి ఫంక్షన్‌లో పెట్టిన ఐఎస్ఓ 1600 మార్చకపోతే ఇంకా మేలు. ఆకాశం, చొక్కా, మొహం అన్నీ ఒకే తెలుపు. రంగులు దిద్దే పని ఉండదు.

4. రెండో రింగు సంగతి మర్చిపోండి. హీలియోస్ ముందు భాగంలో రెండు రింగులుంటాయి. ఒకటి టక్‌టక్‌మంటూ అంకెల దగ్గర ఆగుతుంది. రెండోది చప్పుడు లేకుండా తిరిగి రేకులను మూస్తుంది, తెరుస్తుంది. అది మూసుకుపోయి వ్యూఫైండర్ చీకటైతే, “మబ్బు పట్టిందండీ, రేపు చూద్దాం” అని కెమెరా సంచీలో పెట్టేయండి.

5. ఫోకస్‌కి కంగారు పడకండి. ఎఫ్/2లో రెండు మీటర్ల దూరాన ఉన్న మనిషికి స్పష్టంగా వచ్చే లోతు జానెడు కూడా ఉండదు. లైవ్ వ్యూలో పెద్దది చేసి కంటిపాప మీద పెట్టేవాళ్లు ఉన్నారు, వాళ్ల మెడలు చూడండి ఎలా పట్టేశాయో. మీరు చెవికమ్మకి ఫోకస్ పెట్టండి. అది కదలదు. కాలవ గట్టున కొంగ కనపడితే అది ఎగిరాకే రింగు తిప్పడం మొదలుపెట్టండి.

6. మనుషులను అంచుకి తోయండి. వెనక ఆకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు పడుతుంటే ఈ లెన్స్ వాటిని సుడి తిప్పుతుంది. అందరూ మనిషిని మధ్యలో నిలబెట్టి సుడిని చుట్టూ రానిస్తారు. మీరు పెళ్లికూతురిని మధ్యలో, అత్తగారిని ఆ చివర నిలబెట్టండి. అత్తగారు సుడిలో కలిసిపోతారు, మీకు రెండో పిలుపు రాదు.

7. లెన్స్‌ని వాతావరణానికి అలవాటు చేయండి. ధనుర్మాసం మంచులో ఏసీ కారు దిగగానే మూత తీయండి. అద్దం చెమ్మగిల్లితే చొక్కా అంచుతో గట్టిగా రుద్దండి. సెలవు రోజున బాపట్ల దాటి సూర్యలంక తీసుకెళ్లి ఉప్పుగాలి తగలనివ్వండి. ఇసుక రేణువు గ్రీజులోకి దిగితే రింగు కరకరమంటుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది. ఇక తిప్పే శ్రమే లేదు. ఇంటికొచ్చాక తడి సంచీలోనే ఉంచి బీరువాలో పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు పారేయండి. డెల్టా గాలిలో తేమకు కొదవలేదు, ఒక్క వానాకాలం చాలు.

8. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. “ఏరా, మొహాలన్నీ మసకగా ఉన్నాయేంటి?” అంటే “రష్యా లెన్స్ బాబాయ్, ఇలాగే వస్తుంది, దీన్నే బొకే అంటారు” అనండి. పొలంలో తీయమని మరీ పట్టుబడితే వేసవి దాకా జరపండి. కాలవలు కట్టేస్తారు, పైరు ఉండదు. “సీన్ ఏముంది బావా” అంటే ఎదురు చెప్పేవాడుండడు.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే తర్వాతి పెళ్లికి తెనాలిలో స్టూడియో వాళ్లని డబ్బులిచ్చి మాట్లాడుకుంటారు. ఫొటోగ్రాఫర్‌కి ఎప్పుడూ ఆఖరి బంతే. మీరు దర్జాగా మొదటి బంతిలో కూర్చుని, వేడివేడి గారెలు రెండోసారి వేయించుకోండి.